ఇల్లు కట్టుకున్న మూడేళ్ళకే: ఐన్‌స్టీన్ జర్మనీ వదిలిన కథ

ఐన్‌స్టీన్ గురించి మన క్లాసులో ఎవర్నడిగినా మూడు విషయాలు చెప్తారు: చెదిరిన జుట్టు, నాలుక బయటపెట్టిన ఫోటో, ఈ ఈక్వల్స్ ఎం సీ స్క్వేర్. ఫస్టియర్లో ఫిజిక్స్ గట్టెక్కి మళ్ళీ అటువైపు చూడనివాళ్ళు కూడా ఈ మూడూ చెప్పగలరు. ఈ వ్యాసంలో నేను వాటి జోలికి పోను. ఆయన జీవితంలో 1920 నుంచి 1933 దాకా ఒక పదమూడేళ్ళ ముక్క ఉంది. ఉన్న దేశంలోనే ఉండాలా, వదిలేసి పోవాలా అన్నది తేల్చుకోవడానికి ఆయనకి పట్టిన కాలం అది. నేను రాయాలనుకున్నది దాని గురించే.

ఎందుకంటే, కిందటి ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజు మా హాస్టల్లో సగం మంది పండగ చేసుకున్నారు. మిగతా సగంలో చాలామంది మెస్సుకి కూడా రాలేదు. మా రూమ్మేటు ఈ రెండో రకం. ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. నిన్నటిదాకా గేట్ రాసి ఏదో ఒక ప్రభుత్వ సంస్థలో చేరతానన్నవాడు, ఆ రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చుని బయటి దేశాల యూనివర్సిటీలకి అప్లై చేసే తేదీలు వెతకడం మొదలుపెట్టాడు. వాడికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. అప్పటికే నాకు జీఆర్‌ఈ స్లాటు బుక్కయి ఉంది, నేను వెళ్ళడం మా అమ్మకి సుతరామూ ఇష్టం లేదు. వెళ్ళాలన్న కోరిక ఎక్కడ పుడుతుంది, వెళ్ళక తప్పని స్థితి ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్న అప్పట్నించీ నన్ను పట్టుకుంది. దాంతో ఈయన జీవితం చదవడం మొదలుపెట్టాను.

దేశాలు మారడం ఐన్‌స్టీన్‌కి చిన్నప్పుడే అలవాటైంది. 1879 మార్చి 14న జర్మనీలోని ఉల్మ్‌లో పుట్టాడు. మరుసటి ఏడాదే కుటుంబం మ్యూనిక్ వచ్చేసింది. అక్కడ నాన్నా బాబాయీ కలిసి డైనమోలు, కరెంటు మీటర్లు తయారుచేసే కంపెనీ నడిపేవారు. మన ట్రిపుల్ఈ వాళ్ళు గర్వంగా చెప్పుకోవచ్చు, ఐన్‌స్టీన్ పెరిగింది ఒక ఎలక్ట్రికల్ కంపెనీ నీడలో. మ్యూనిక్ వీధి దీపాల కాంట్రాక్టు పెద్ద కంపెనీల చేతికి పోవడంతో వ్యాపారం దెబ్బతింది. 1894లో కుటుంబం ఇటలీకి తరలిపోయింది. చదువు పూర్తిచెయ్యాలని పిల్లాణ్ణి ఒక్కణ్ణే మ్యూనిక్‌లో ఉంచారు. పదిహేనేళ్ళవాడు ఆ ఏడాది చివరిదాకా కూడా ఆగలేక, బడి మానేసి రైలెక్కి అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ బడిలో మిలిటరీ క్రమశిక్షణ, ఆ తర్వాత తప్పనిసరి సైనిక సేవ, రెండూ ఆయనకి పడలేదు. 1896 జనవరిలో, పదిహేడు కూడా నిండకుండానే, జర్మన్ పౌరసత్వం వదులుకున్నాడు.

ఆ తర్వాత అయిదేళ్ళు ఆయన ఏ దేశానికీ చెందడు. జూరిక్‌లో చదువుకునే రోజుల్లో ఖర్చులకి నెలకి 100 ఫ్రాంకులు వస్తే, అందులో 20 ఫ్రాంకులు స్విస్ పౌరసత్వం ఫీజు కోసం పక్కన పెట్టేవాడు. 1901లో ఆ పౌరసత్వం వచ్చింది, చచ్చేదాకా దాన్ని వదల్లేదు. దేశం అంటే పుట్టిన మట్టి అన్న భావన ఆయనలో మొదట్నించీ పల్చనే. మనిషిని మనిషిగా బతకనిచ్చే చోటు కావాలి, అంతే. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగినవి అర్థమవుతాయి. ఇంత తేలిగ్గా దేశాలు మారగల మనిషి కూడా ఒకచోట కాళ్ళు పాతుకున్నాడు. అది బెర్లిన్.

1914లో బెర్లిన్ ఆయన్ని పిలిచింది. ప్రష్యన్ అకాడమీలో సభ్యత్వం, ప్రొఫెసర్ హోదా, పాఠాలు చెప్పాల్సిన పనిలేదు, మంచి జీతం. మాక్స్ ప్లాంక్ లాంటి వాళ్ళు సహోద్యోగులు. ఆ రోజుల్లో భౌతికశాస్త్రానికి బెర్లిన్ రాజధాని. వెళ్ళిన కొన్ని నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. జర్మనీ యుద్ధాన్ని సమర్థిస్తూ 93 మంది మేధావులు ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు, వాళ్ళలో ప్లాంక్ కూడా ఉన్నాడు. దానికి వ్యతిరేకంగా నికొలాయ్ అనే వైద్యుడు ఇంకో ప్రకటన తయారుచేస్తే సంతకం పెట్టినవాళ్ళు నలుగురంటే నలుగురు. ఐన్‌స్టీన్ వాళ్ళలో ఒకడు. 1918లో కైజర్ పోయి గణతంత్రం వచ్చినప్పుడు మనస్ఫూర్తిగా సంతోషించినవాళ్ళలోనూ ఆయన ఉన్నాడు. అంటే ఆ ప్రజాస్వామ్యం ఆయనకి సొంతింటి విషయం లాంటిది.

మొదటి తర్జనభర్జన 1920లో వచ్చింది. 1919 గ్రహణం పరిశీలనలతో ఆయన పేరు ప్రపంచమంతా మోగింది. ఆ పేరే కొందరికి కంటగింపైంది. ఆగస్టులో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ హాల్లో సాపేక్ష సిద్ధాంతాన్ని తిట్టడానికే ఒక సభ పెట్టారు. ఆయన యూదుడు కావడమే అసలు బాధ, ఫిజిక్స్ ఒక సాకు. ఐన్‌స్టీన్ స్వయంగా వెళ్ళి ప్రేక్షకుల్లో కూర్చుని అంతా విన్నాడు. తర్వాత కోపంగా పత్రికలో వ్యాసం రాశాడు, బెర్లిన్ వదిలేస్తాడని వార్తలొచ్చాయి. మిత్రులు, మంత్రిత్వ శాఖ కూడా ఉండిపొమ్మని కోరడంతో ఉండిపోయాడు.

రెండోది 1922. ఆయన మిత్రుడు, విదేశాంగ మంత్రి వాల్టర్ రాథెనౌని జూన్ 24న నడిరోడ్డు మీద కాల్చి చంపారు. ఆయన కూడా యూదుడే. హంతకుల జాబితాలో ఐన్‌స్టీన్ పేరూ ఉందని హెచ్చరికలొచ్చాయి. కొన్నాళ్ళు సభలు మానుకుని, అక్టోబరులో జపాన్ ప్రయాణం పెట్టుకున్నాడు. ఓడ దారిలో కొలంబోలో ఆగింది, మన దేశానికి ఆయన వచ్చినంత దగ్గర అదే. నోబెల్ వార్త ఆ ప్రయాణంలో ఉండగానే అందింది. ప్రపంచంలో ఎక్కడైనా ఉండిపోగలిగే స్థితిలో ఉన్న మనిషి. అయినా 1923 వసంతంలో మళ్ళీ బెర్లిన్‌కే తిరిగొచ్చాడు.

1929లో ఆయనకి యాభై నిండాయి. బెర్లిన్ నగరం పుట్టినరోజు కానుకగా ఇల్లో స్థలమో ఇస్తామంది. కౌన్సిల్లో రాజకీయాలతో ఆ కానుక నానా గందరగోళమై అటకెక్కింది. చివరికి ఆయన సొంత డబ్బు పెట్టి, నగరానికి దగ్గర్లోని కాపుట్ అనే పల్లెలో, సరస్సుల పక్కన చెక్క ఇల్లు కట్టించుకున్నాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు, దాచుకున్న డబ్బులో చాలా భాగం దానికే పోయింది. మిత్రులు కానుకగా ఇచ్చిన తెరచాప పడవ మాత్రం దక్కింది. ఈత రాదు, కానీ గంటల తరబడి నీళ్ళ మీదే ఉండేవాడు. 1930 జులై 14న రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన్ని కలిసింది ఆ ఇంట్లోనే. ఆయన జీవితంలో అన్నిటికంటే ప్రశాంతమైన రోజులు అవే అని చదివిన ప్రతిచోటా కనిపించింది.

సరిగ్గా రెండు నెలలకి, 1930 సెప్టెంబరు 14న, ఎన్నికలు. అంతకుముందు పార్లమెంటులో 12 సీట్లున్న నాజీ పార్టీకి ఒక్కసారిగా 107 వచ్చాయి. ఓట్లు ఎనిమిది లక్షల నుంచి అరవై నాలుగు లక్షలకి చేరాయి. రెండో అతిపెద్ద పార్టీ అయిపోయింది. ఆ ఫలితాన్ని ఐన్‌స్టీన్ ఎలా తీసుకున్నాడన్నది నన్ను ఆశ్చర్యపరిచింది. బాధపడ్డాడు, కానీ గాభరా పడలేదు. ముప్ఫై లక్షల మందికి పనిలేదు, కుర్రాళ్ళ కడుపు మండి వేసిన ఓటు ఇది, ఆర్థిక పరిస్థితి బాగుపడితే తగ్గిపోతుంది అని ఆయన అంచనా. యూదులంతా ఇప్పుడే బెంబేలెత్తాల్సిన పనిలేదని కూడా అన్నాడు. ఆ అంచనా తప్పింది. కానీ ఓడిపోయిన మర్నాడే అంతా అయిపోయిందనుకోకపోవడం పిరికితనమూ కాదు, అమాయకత్వమూ కాదని నాకనిపిస్తుంది. ప్రజాస్వామ్యంలో ఓటమికి మందు వచ్చే ఎన్నిక. ఆ వచ్చే ఎన్నిక ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు 1930లో ఇంకా ఉంటుందనే.

ఆ తర్వాత రెండేళ్ళూ ఆయన ఒక కాలు ఇంట్లో, ఒక కాలు బయటా పెట్టుకుని బతికాడు. చలికాలాల్లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌కి, మధ్యలో ఆక్స్‌ఫర్డ్‌కి. 1931 డిసెంబరులో ఓడలో ఉండగా, బెర్లిన్ ఉద్యోగం వదిలేద్దామని నిర్ణయించుకున్నట్టు డైరీలో రాసుకున్నాడు. రాసుకుని, మళ్ళీ ఇంటికే వచ్చాడు! ఈ ఒక్క విషయంతో ఆయన నాకు బాగా దగ్గరయ్యాడు. 1932లో ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే ఆయన ప్రిన్స్‌టన్‌లో కొత్తగా పెడుతున్న పరిశోధన సంస్థకి పిలిచాడు. జీతం ఎంత కావాలంటే ఐన్‌స్టీన్ ఏడాదికి 3,000 డాలర్లు చాలన్నాడు, వాళ్ళు దానికి కొన్ని రెట్లు ఇచ్చారు. అప్పుడు కూడా ఒప్పందం ఏమిటంటే, ఏడాదిలో అయిదారు నెలలు ప్రిన్స్‌టన్, మిగతాది బెర్లిన్.

చేతులు ముడుచుకుని మాత్రం కూర్చోలేదు. 1932 జులై 31 ఎన్నికలకి ముందు, సోషల్ డెమొక్రాట్లు, కమ్యూనిస్టులు ఒకటై నాజీలని ఆపాలని ఒక విజ్ఞప్తి వెలువడింది. చిత్రకారిణి కేటె కోల్విట్జ్, రచయిత హైన్‌రిష్ మాన్‌లతో పాటు ఐన్‌స్టీన్ దాని మీద సంతకం పెట్టాడు. వాళ్ళు కలవలేదు. నాజీలకి 37 శాతం ఓట్లు, 230 సీట్లు వచ్చాయి. నవంబరులో మళ్ళీ ఎన్నికలు. ఈసారి నాజీలు 196కి పడిపోయారు. సోషల్ డెమొక్రాట్లకి 121, కమ్యూనిస్టులకి 100. కూడి చూడండి, 221. నాజీల కంటే పాతిక ఎక్కువ. అయినా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని మన సామెత, ఆ పిల్లి మూడు నెలల్లోపే వచ్చి కూర్చుంది.

ఇక్కడ వీసా ఇంటర్వ్యూ కథ ఒకటి చెప్పాలి, మన సీనియర్లకి నచ్చుతుంది. 1932 డిసెంబరులో ఐన్‌స్టీన్ అమెరికా ప్రయాణానికి సిద్ధమవుతుంటే, ఆయన ప్రమాదకరమైన వామపక్షి, రానివ్వొద్దని అమెరికాలో ఒక మహిళా సంఘం వాళ్ళ ప్రభుత్వానికి పెద్ద ఫిర్యాదు రాసింది. బెర్లిన్ కాన్సులేటులో ఆయన్ని కూర్చోబెట్టి మీ రాజకీయాలేంటి, ఏయే సంఘాల్లో ఉన్నారు అని ప్రశ్నలు. సాక్షాత్తూ ఐన్‌స్టీన్‌ని! ఆయనకి ఒళ్ళు మండి, ఇస్తే ఇవ్వండి లేకపోతే మానండని లేచొచ్చేశాడు. విషయం పత్రికలకెక్కింది, మర్నాటికి వీసా వచ్చింది. మనం లేచొచ్చేస్తే రాదు, అది వేరే సంగతి.

డిసెంబరు 10న బయల్దేరారు. కాపుట్ ఇల్లు దాటుతున్నప్పుడు, దీన్ని ఒకసారి బాగా చూసుకో, ఇక చూడబోవని భార్య ఎల్సాతో అన్నాడని ఆయన జీవితచరిత్ర రాసిన ఫిలిప్ ఫ్రాంక్ చెప్తాడు. కాగితాల ప్రకారం వసంతంలో తిరిగి రావాలి.

1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలరయ్యాడు. అప్పటికి ఐన్‌స్టీన్ కాలిఫోర్నియాలో ఉన్నాడు. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే మాట్లాడే హక్కు, సభ పెట్టే హక్కు, పత్రికల హక్కు అన్నీ ఒక్క ఆర్డినెన్సుతో పోయాయి. ప్రతిపక్షం వాళ్ళు జైళ్ళలో ఉండగా మార్చి 5న ఎన్నికలు పెట్టారు. అంత చేసినా నాజీలకి వచ్చింది 43.9 శాతమే. మిత్రపక్షంతో కలిసి మెజారిటీ కట్టుకున్నారు. గెలిచిన 81 మంది కమ్యూనిస్టులని సభలో అడుగే పెట్టనివ్వలేదు.

అయిదు రోజుల తర్వాత, మార్చి 10న, ఐన్‌స్టీన్ ఒక విలేకరికి చెప్పేశాడు, జర్మనీకి తిరిగి వెళ్ళనని. పౌర స్వేచ్ఛ, సహనం, చట్టం ముందు సమానత్వం ఉన్న దేశంలోనే ఉంటానని, అవి ఇప్పుడు అక్కడ లేవని. 1930కీ 1933కీ తేడా నాకు ఇక్కడ కనపడింది. ఆయన తన పక్షం ఓడిపోయిందని వెళ్ళలేదు. అలా అయితే మూడేళ్ళ ముందే వెళ్ళాల్సింది. ఓడినవాడికి నోరు లేకుండా చేసినప్పుడు వెళ్ళాడు. అసలు వెళ్ళడం అని కూడా అనలేం, వెళ్ళినవాడు తిరిగి రాలేదు. దేశం వదలడం చాలాసార్లు అలాగే జరుగుతుందేమో. విమానాశ్రయంలో కాదు, ఆ తర్వాత ఏదో ఒక మామూలు రోజున.

యూరప్‌కి ఓడలో వస్తుండగానే కాపుట్ ఇంట్లో ఆయుధాల కోసం సోదా జరిగిందని తెలిసింది. మార్చి 28న బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో దిగి, బ్రసెల్స్‌లోని జర్మన్ రాయబార కార్యాలయానికి వెళ్ళి పాస్‌పోర్టు ఇచ్చేశాడు. జర్మన్ పౌరసత్వం వదులుకోవడం జీవితంలో రెండోసారి. అకాడమీకి రాజీనామా పంపాడు. ఆయన పోవడం తమకేమీ విచారం కాదని అకాడమీ ఏప్రిల్ 1న ప్రకటించింది. ఆ ప్రకటనని వెనక్కి తీసుకోవాలని అడిగిన కొద్దిమందిలో మాక్స్ ఫాన్ లావ్ ఒకడు. తర్వాత ఇల్లు, పడవ, బ్యాంకులో డబ్బు ప్రభుత్వం లాగేసుకుంది. మే 10న బెర్లిన్ వీధుల్లో పుస్తకాలు తగలబెట్టినవాళ్ళలో ఎక్కువమంది ఎవరనుకున్నారు? మనలాంటి కాలేజీ విద్యార్థులు. ఈ వాక్యం రాయడం నాకు కష్టంగానే ఉంది.

ఆ వేసవి బెల్జియం సముద్రతీరంలో, పోలీసు కాపలా మధ్య గడిచింది. చెకొస్లొవేకియాలో తలదాచుకున్న థియోడర్ లెసింగ్ అనే తత్వవేత్తని ఆగస్టు 30న నాజీలు అక్కడికెళ్ళి చంపాక, ఐన్‌స్టీన్ ఇంగ్లండుకి మారాడు. అక్టోబరు 3న లండన్ ఆల్బర్ట్ హాల్లో వేల మంది ముందు శరణార్థి పండితుల సహాయనిధి కోసం మాట్లాడి, నాలుగు రోజుల్లో ఓడెక్కాడు. 17న న్యూయార్క్‌లో దిగాడు. మళ్ళీ యూరప్ గడ్డ మీద కాలు పెట్టలేదు. 1935లో మాత్రం శాశ్వత నివాసానికి బయటి నుంచే దరఖాస్తు పెట్టాలన్న రూలు వల్ల కొద్ది రోజులు బెర్ముడా వెళ్ళొచ్చాడు. వీసా స్టాంపింగ్ బాధ ఎవర్నీ వదల్లేదన్నమాట.

ఇంతవరకూ చదివితే తెలివైనవాడు టైముకి బయటపడ్డాడు అనిపిస్తుంది. నిజమే. కానీ ఖర్చు కూడా రాయాలి. చిన్న కొడుకు ఎడ్వర్డ్‌కి స్కిజోఫ్రీనియా. 1933లో జూరిక్ వెళ్ళి చూసిందే ఆఖరు, తర్వాత ఇరవై రెండేళ్ళు తండ్రి బతికున్నా మళ్ళీ కలవలేదు. ఎల్సా పెద్ద కూతురు 1934లో పారిస్‌లో చనిపోయింది, ఎల్సా 1936లో ప్రిన్స్‌టన్‌లో పోయింది. ఇటలీలో ఉండిపోయిన దగ్గరి బంధువు రాబర్ట్ భార్యని, ఇద్దరు కూతుళ్ళని 1944లో జర్మన్ సైనికులు కాల్చి చంపారు. మరుసటి ఏడాది రాబర్ట్ ఆత్మహత్య చేసుకున్నాడు. పెద్ద కొడుకు హాన్స్ ఆల్బర్ట్ మాత్రం 1938లో అమెరికా వచ్చాడు. సివిల్ వాళ్ళకి తెలిసే ఉంటుంది, నదుల్లో ఇసుక, ఒండ్రు ఎలా కొట్టుకుపోతాయో లెక్కగట్టిన ప్రొఫెసర్ ఐన్‌స్టీన్ ఆయనే.

ఉండిపోయినవాళ్ళ సంగతీ చూడాలి. ప్లాంక్ ఉండిపోయాడు, యూదు శాస్త్రవేత్తల కోసం హిట్లర్‌తోనే మాట్లాడి చూశాడు, ఫలితం లేదు. హిట్లర్ మీద కుట్ర కేసులో ఆయన కొడుకుని 1945 జనవరిలో ఉరితీశారు. లావ్ ఉండిపోయాడు, తలవంచకుండా బతికాడు. మాక్స్ బోర్న్ వెళ్ళిపోయాడు, కానీ ఆయనకి ఐన్‌స్టీన్ పేరు లేదు. కేంబ్రిడ్జిలో తాత్కాలిక పదవి, ఆ తర్వాత రామన్ పిలిస్తే ఆరు నెలలు మన బెంగళూరు ఐఐఎస్సీలో, చివరికి ఎడిన్‌బరోలో స్థిరపడ్డాడు. ఐన్‌స్టీన్‌కి తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. పేరూ డబ్బూ లేనివాళ్ళకి అదే వీసా క్యూలో ప్రాణం మీదికొచ్చింది. ఐన్‌స్టీన్ ఇది మర్చిపోలేదు. యూదు కుటుంబాలు అమెరికా రావడానికి హామీ పత్రాలు రాస్తూనే పోయాడు. చివరికి ఆయన హామీకి విలువ తగ్గిపోయేటన్ని రాశాడు.

1940 అక్టోబరు 1న అమెరికా పౌరుడయ్యాడు. కొత్త దేశంలో తప్పులు కనపడితే నోరు మూసుకోలేదు. నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కి 1937లో ప్రిన్స్‌టన్ హోటల్లో గది ఇవ్వకపోతే తన ఇంట్లో ఉంచుకున్నాడు. 1953లో, కమ్యూనిస్టుల వేట రోజుల్లో, విచారణకి పిలిస్తే సాక్ష్యం చెప్పొద్దని ఒక బడి టీచరుకి బాహాటంగా సలహా ఇచ్చాడు. ఎఫ్‌బీఐ ఆయన మీద పెట్టిన ఫైలు వెయ్యి పేజీలు దాటింది. అంటే ఆయన వెతికింది బాధలేని దేశం కాదు. బాధ ఉన్నప్పుడు గొంతెత్తి చెప్పగలిగే దేశం. యుద్ధం తర్వాత జర్మన్ శాస్త్రవేత్తలు మళ్ళీ సభ్యత్వం తీసుకొమ్మంటే మాత్రం ఒప్పుకోలేదు. లావ్ లాంటి ఒకరిద్దరు మిత్రులని తప్ప ఆ దేశాన్ని ఆయన క్షమించలేదు.

మా రూమ్మేటుకీ నాకూ ఇందులో రెడీమేడ్ జవాబు ఏమీ లేదు. వాడి బాధ ఒక ఫలితం గురించి, నా ఊగిసలాట చదువూ అప్పూ అమ్మా గురించి. 1933 జర్మనీతో పోల్చడం ఆ చచ్చిపోయినవాళ్ళకి అన్యాయం. కానీ తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు మాత్రం ఆయన జీవితం నుంచి తీసి రాసిపెట్టుకున్నాను. నేను ఓడిపోయానా, లేక ఓడినవాళ్ళకి చోటే లేకుండా పోయిందా? వెళ్ళకముందు ఇక్కడ చెయ్యగలిగింది చేశానా? వెళ్ళాక, నా తర్వాత తలుపు తట్టేవాళ్ళ కోసం ఏమైనా చేస్తానా? మీలో ఎవరైనా ఇదే ఆలోచనలో ఉంటే, వెళ్ళినా ఉన్నా, ఈ మూడూ ఒకసారి అడిగి చూసుకోండి.

1955 ఏప్రిల్ 18 తెల్లవారుజామున ప్రిన్స్‌టన్ ఆసుపత్రిలో ఐన్‌స్టీన్ కన్నుమూశాడు. అమెరికా వచ్చి ఇరవై ఒక్కేళ్ళు దాటింది. ఆఖరి క్షణాల్లో ఆయన ఏవో నాలుగు మాటలు అన్నాడు. వదిలేసిన దేశపు భాషలో, జర్మన్లో. పక్కనున్న నర్సుకి ఆ భాష రాదు.